ఆర్లిస్ నీమి కంప్యూటర్ బాగుచేసుకున్న వైనం

ఆర్లిస్ నీమి ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో బస్సుకి ఒక్క గీత పడనివ్వలేదు. అదేం పెద్ద గొప్ప అనుకునేవాళ్ళు జనవరిలో అమెరికా ఉత్తర కొసనున్న మా సువోలా ఊరికి రావాలి. సున్నాకి కింద ముప్పై డిగ్రీల చలిలో, ఇనుప గని పక్క మలుపులో, వెనక నలభై ఎనిమిది మంది పిల్లలు ఒకళ్ళ టోపీలు ఒకళ్ళు విసురుకుంటూ ఉంటే, అంత పొడవు బండిని గాజులాంటి మంచు మీద తిప్పి చూపించాలి. గొప్పో కాదో అప్పుడు మాట్లాడుకుందాం.

బస్సు కదిలేముందు డ్రైవరు ముప్పై రెండు విషయాలు సరిచూసుకోవాలని రూలు. టైర్లు, లైట్లు, బ్రేకులు, అద్దాలు, అలా ముప్పై రెండు. ఆర్లిస్ ముప్పై మూడు చూసేది. ఆ ముప్పై మూడోది తనకు తాను పెట్టుకున్నది: తీసిన వస్తువు తీసినచోటికే చేరిందా లేదా. ఈ పట్టుదల బస్సుతో ఆగితే బాగుండేది. ఇంట్లో కత్తెరకీ, సుత్తికీ, మందుల డబ్బాకీ, చేపలు పట్టే గాలాలకీ అన్నిటికీ చీటీలే. గోడమీద మేకు కింద కూడా అక్కడేం తగిలించాలో రాసి ఉండేది. మొగుడు రేనో ఆ చీటీల మధ్యనే నలభై ఏళ్ళు కాపురం చేశాడు. "ఏదో ఒకరోజు నిద్రలో నా నుదుటి మీదా ఒకటి అంటిస్తుంది. కనీసం పేరు సరిగ్గా రాస్తే చాలు" అని గడ్డకట్టిన చెరువు మీద కూర్చుని తోటి చేపలవాళ్ళతో చెప్పుకునేవాడు.

ఆమెతోపాటు బస్సులు నడిపినవాళ్ళు ఇంకో ముగ్గురున్నారు: లవాన్, జెనీవా, కొరిన్. పొద్దున పిల్లల్ని బడిలో దింపేశాక నలుగురూ బస్సుల షెడ్డులో చేరి, నూనె మరకల బల్ల చుట్టూ కాఫీ తాగేవాళ్ళు. లవాన్ నోరు పెద్దది. జెనీవా మనసు మెత్తన. కొరిన్ మాట్లాడేదే కాదు. మాట్లాడితే వారానికి ఒక వాక్యం, ఆ వాక్యం కూడా సగం. ఇరవై ఏడేళ్ళు అలా నడిచింది ఆ కాఫీ. తరవాత నలుగురూ రెండేళ్ళ తేడాలో రిటైరయ్యారు. లవాన్ మోకాళ్ళ నొప్పులు ఓర్చుకోలేక అరిజోనా ఎండల్లోకి వెళ్ళిపోయింది. జెనీవా డులూత్ పట్నంలో కూతురి దగ్గర చేరింది. కొరిన్ చెరువు అవతల తన చెక్క ఇంట్లోనే ఉంది కానీ, చలికాలం ఆ దారిన వెళ్ళాలంటే మంచు తీసే బండి ముందు నడవాలి.

ఇక ఈ కాఫీ మాట మర్చిపోవడమే అనుకుంటున్న రోజుల్లో లవాన్ ఎక్కణ్ణించో ఒక ఆట పట్టుకొచ్చింది. కంప్యూటర్‌లో లారీలు నడిపే ఆట. ఎవరింట్లో వాళ్ళు బల్లకి ఒక బుల్లి స్టీరింగు బిగించుకుని కూర్చుని, ఒకే రోడ్డు మీద వరసగా నాలుగు లారీలు తోలుకుంటూ పోవచ్చు. చెవులకి మైకు తగిలించుకుంటే ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడుతుంది. "జన్మంతా తోలింది చాల్లేదా నీకు?" అని రేనో అడిగితే, "ఈ బండికి వెనక పిల్లల్లేరు. అది చాలు నాకు" అంది ఆర్లిస్.

ప్రతి గురువారం మధ్యాహ్నం రెండింటికి నలుగురూ బయల్దేరేవాళ్ళు. పక్కన కాఫీ, యాలకుల రొట్టె. సరుకు ఏదైతేనేం, ఎండుగడ్డో, కలపో, ఇంకోటో. అసలు సరుకు కబుర్లు. ఎవరి మోకాలికి ఆపరేషన్ అయింది, ఎవరి మనవరాలు ముక్కుకి పోగు కుట్టించుకుంది, ఎవరు ఎవరిని వదిలేశారు, ఇవన్నీ మోసుకుంటూ దేశం ఆ చివర నుంచి ఈ చివరకి తోలేవాళ్ళు. రైలు పట్టాలు అడ్డం వస్తే నలుగురూ ఆగి, అద్దం దించి, రైలు చప్పుడుందేమో విని మరీ దాటేవాళ్ళు. స్కూలు బస్సు పట్టాల దగ్గర ఆగి తీరాలని మా దగ్గర రూలు, ఆ అలవాటు చచ్చినా పోదు. అదే రోడ్డు మీద ఆడుతున్న ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వెనక ఆగిపోయి హారన్లు మోగించి తిట్టుకునేవాళ్ళు. వీళ్ళకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

గొడవంతా ఆర్లిస్ కంప్యూటర్‌తో వచ్చింది. చిన్న కొడుకు కాలేజీలో చేరినప్పుడు కొన్నది అది. వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు. ఆటలో బొమ్మ నాణ్యత ఎంత తగ్గించవచ్చో అంతా తగ్గిస్తే తప్ప అది నడిచేది కాదు. చెట్లు పచ్చ అట్టముక్కల్లా, లారీలు బూడిదరంగు పెట్టెల్లా కనపడేవి. రోడ్డు పక్క బోర్డుల మీద అక్షరాలు ఎవరో తడిచేత్తో తుడిచినట్టు ఉండేవి. అది చాలదని, రెండేళ్ళ కిందట ఆ ఆటలో కొండదారులు చేర్చారు. కొండ ఎక్కితే బొమ్మ నిలబడిపోయేది, తరవాత ఒక్కసారిగా ముందుకి దూకేది. మలుపు వస్తోందని తెలిసేసరికి ఆ మలుపు దాటిపోయి ఉండేది, ఆర్లిస్ లోయలో ఉండేది.

మిగతా ముగ్గురూ ఆమె కోసం ఆగేవాళ్ళు. "ఫర్వాలేదే, మేమూ కాసేపు కాళ్ళు చాపుకుంటాం" అనేది జెనీవా. ఎవరూ ఒక్క మాట అనేవాళ్ళు కాదు. మా వైపు మనుషులకి ఉన్న జబ్బే అది. మొహం మీద మాట అనరు. పక్కింటావిడ పెట్టిన వంటకం నోట పెట్టలేకపోతే "ఇది వేరుగా ఉందే" అంటారు. అంతకు మించిన తిట్టు మా ఊళ్ళో లేదు. అలాగే ఎవరేమిచ్చినా రెండుసార్లు వద్దని, మూడోసారి అడిగితే గానీ పుచ్చుకోరు. ఈ మర్యాదలతో మేం ఎంత నష్టపోతామో లెక్క లేదు కానీ, మానం.

ఫిబ్రవరిలో ఒక గురువారం జెనీవా నోరు జారింది. "మొన్న మంగళవారం ఆ కొండ దిగుతుంటే లవాన్ ఎంత దౌడు తీసిందనీ, నాకైతే..." అని ఠక్కున ఆగిపోయింది.

లవాన్ గట్టిగా దగ్గి, "అబ్బబ్బ, ఇక్కడ అప్పుడే ఎండలు మొదలయ్యాయే!" అంది.

"ఓహో" అంది ఆర్లిస్.

మంగళవారం ఏ కొండే, నన్నెందుకు పిలవలేదు అని అడిగితే ఆ క్షణంలోనే తేలిపోయేది. అడగలేదు. మా వైపు అలా అడగరు. కానీ ఆమెకి అర్థమైంది. తను లేకుండా ఆ ముగ్గురూ మంగళవారాలు వెళుతున్నారు. ఇప్పుడు మంగళవారాలు, ఇంకొన్నాళ్ళకి గురువారాలూ అంతే. ఎవరో ఒకరు "ఈవారం కుదరదులేవే" అంటారు, మర్యాదగానే అంటారు, ఇరవై ఏడేళ్ళ కాఫీ మర్యాదగా అయిపోతుంది. అది తలచుకుంటే ఆర్లిస్‌కి భయం వేసింది. ఈ గురువారం పోతే ఇక వారంలో తనకంటూ మిగిలేది ఏముంది? ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ రేనో పట్టిన చేపల పొడవు.

మర్నాడు పొద్దున్నే వర్జిల్ కొట్టుకి వెళ్ళింది. వర్జిల్ కొట్టు ముందుభాగంలో చేపల ఎరలు అమ్ముతాడు, వెనక భాగంలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. చిన్నప్పుడు ఆర్లిస్ బస్సులోనే బడికి వెళ్ళేవాడు. ఇప్పుడు గెడ్డం నెరుస్తున్నా ఆమెను చూస్తే నిటారుగా నిలబడతాడు.

"ఏరా వర్జిల్, నా కంప్యూటర్ లారీలు సరిగ్గా మొయ్యట్లేదురా."

సంగతంతా విని, "కొత్తది తీసుకోరాదూ ఆర్లిస్ గారూ?" అన్నాడు.

"ఉన్నది బాగానే ఉందిగా."

"పెట్టె బాగానే ఉందండీ. లోపల ఉన్నవే రిటైరయ్యాయి."

"నేనూ రిటైరయ్యాను. మా ఆయన నన్ను పారేసి కొత్తదాన్ని తెచ్చుకున్నాడా?"

వర్జిల్ గుటకలు మింగి, మూడు వస్తువులు బల్లమీద పెట్టాడు. మెమరీ పలకలు రెండు, పాత డిస్కు బదులు పెట్టడానికి వేగంగా పనిచేసే కొత్త డిస్కు, బొమ్మలు గీసే కార్డు ఒకటి. "ఆటకి అసలైనది ఈ కార్డేనండీ. ఇన్నాళ్ళూ మీ మిషన్ లెక్కలు చేసే చేత్తోనే బొమ్మలూ గీసింది పాపం. ఇక బొమ్మలు ఇది గీస్తుంది. దీనికి వేరే కరెంటు తీగ కూడా అక్కర్లేదు, గుచ్చితే చాలు. నేను బిగించి పెట్టనా?"

"అయ్యో, నీకెందుకురా శ్రమ!"

"శ్రమేముందండీ, అరగంట పని. బిగిస్తాను."

"వద్దులేరా, నీ పనులు నీకున్నాయి."

మూడోసారి అడిగితే సరేననడానికి ఆర్లిస్ నోరు తెరుచుకుని సిద్ధంగా ఉంది. అడిగేవాడే. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఒకాయన వచ్చి బతికున్న చిన్నచేపలు మూడు డజన్లు కావాలన్నాడు. వర్జిల్ జల్లెడ పుచ్చుకుని తొట్టె దగ్గరకి పరిగెత్తాడు. చేపలు లెక్కపెట్టి తిరిగొచ్చేసరికి సంచీ కట్టించుకోవడమే మిగిలింది. ఆ మూడో మాట అలా చేపల తొట్టెలో కలిసిపోయింది, పని ఆర్లిస్ నెత్తిన పడింది.

పడితే పడింది, బస్సు ఇంజను మూత ఎత్తి చూసినదానికి ఇదొక లెక్కా! శనివారం మధ్యాహ్నం నేలమాళిగలో బల్ల తుడిచి, కంప్యూటర్‌ని దానిమీద పడుకోబెట్టింది. మా చలికాలంలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, ఉన్ని మేజోళ్ళతో నాలుగడుగులు వేసి తలుపు పిడి పట్టుకుంటే వేలికి చురుక్కున నిప్పు కొడుతుంది. ఆ నిప్పు లోపలి భాగాలకి తగిలితే అంతే సంగతులు. అందుకని ఆర్లిస్ మేజోళ్ళు విప్పేసి, చల్లటి సిమెంటు నేలమీద ఒట్టికాళ్ళతో నిలబడింది. రేనో టార్చి పట్టుకున్నాడు.

ముందుగా కాగితపు టేపు తీసింది. కంప్యూటర్ వెనక ఉన్న ఒక్కొక్క తీగకీ ఒక అంకె, అది దూరే కంతకీ అదే అంకె. కీబోర్డు ఒకటి, మౌసు రెండు, మైకు మూడు, తెర తీగ నాలుగు, ఇలా ఏడు దాకా. ఫోనుతో ఫొటోలు తీసింది. అప్పుడు గానీ ఒక్క తీగ పీకలేదు.

"గుండె ఆపరేషన్‌కి కూడా ఇంత హడావిడి ఉండదే" అన్నాడు రేనో.

"నువ్వు లైటు సరిగ్గా పట్టు. నా చెవిలోకి కొడుతున్నావు."

మూత తీస్తే లోపల పదేళ్ళ దుమ్ము పరుపులా ఉంది. చిన్న బ్రష్‌తో ఊడ్చింది. మెమరీ పలకలు రెండు వైపులా సమంగా నొక్కితే టిక్కున కూర్చున్నాయి. పాత డిస్కులోవన్నీ కొత్తదానిలోకి దించడానికి సాయంత్రమైంది. చివరికి కార్డు. కాస్త గట్టిగా నొక్కాల్సి వచ్చింది, రేనో కళ్ళు మూసుకున్నాడు, అది కూడా టిక్కుమంది. కార్డు వెనక మూడు కంతలున్నాయి, మూడింటికీ నల్ల రబ్బరు టోపీలున్నాయి.

"వీటికి టోపీలేంటే?"

"దుమ్ము దూరకుండా. ముట్టుకోకు."

మూత బిగించి, ఒకటి అంకె తీగ ఒకటిలో, రెండు రెండులో, మూడు మూడులో, నాలుగు నాలుగులో, ఏడూ పెట్టేసింది. ముప్పై మూడో పరీక్ష కూడా చేసింది. తీసినవన్నీ తీసినచోటికే చేరాయి. అక్కడే ఉంది తిరకాసంతా. తెర తీగ పాత కంతలోకే వెళ్ళింది. బొమ్మలు గీయడానికి తెచ్చిన కార్డు టోపీలు పెట్టుకుని, పనీపాటా లేకుండా, లోపల కూర్చుంది. నిర్లక్ష్యంగా చేసేవాళ్ళకి ఈ పొరపాటు జరిగేది కాదు. వాళ్ళకి ఏ తీగ ఎక్కడిదో గుర్తుండక ఏదో ఒక కంతలో దూర్చేవాళ్ళు, మూడింట ఒకసారైనా సరిపోయేది.

మీట నొక్కింది. ఇదివరకు మీట నొక్కి, కాఫీ కాచుకుని, రొట్టె కోసుకుని వస్తే గానీ లేవని కంప్యూటర్ పది అంకెలు లెక్కపెట్టేలోగా లేచి కూర్చుంది. అది కొత్త డిస్కు చలవ. ఆర్లిస్‌కి అవేం తెలుసు! ఒట్టికాళ్ళతో ఆ సిమెంటు నేలమీదే గిర్రున తిరిగి రేనో బుగ్గమీద ముద్దు పెట్టింది. ముగ్గురికీ అప్పటికప్పుడు ఫోన్లు చేసి చెప్పింది.

గురువారం అందరూ ఆటలో కొండ కింద కలిశారు.

"ఎలా ఉందే కొత్త కార్డు?" జెనీవా అడిగింది.

"అబ్బో, ఏం చెప్పనే! ఆకులు లెక్కపెట్టచ్చు!"

అబద్ధమాడలేదు పాపం. ఆకులు నిజంగానే కనిపించాయి ఆమెకి. కార్డు పెట్టాక కనిపించి తీరాలి కదా, అందుకని కనిపించాయి. మిగతా ముగ్గురికీ మాత్రం అద్దంలో ఆమె లారీ ఎప్పటిలాగే నిలబడి, దూకి, నిలబడి, దూకి వెళుతూ కనపడింది.

"ఊఁ... వేరుగా ఉందే" అంది లవాన్.

ముగ్గురిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "ఏం మారలేదే, ఒకసారి చూసుకో" అంటే పది నిమిషాల్లో తేలిపోయేది. అనలేదు. అంత మురిసిపోతున్న మనిషిని ఎలా అంటారు! అలా మొదటి వారం గడిచింది. రెండో వారం ఆర్లిస్ ఆకులు లెక్కపెట్టడం మానేసింది. మూడో వారం కొండమీద మలుపులో కంచె విరగ్గొట్టి, పద్దెనిమిది టన్నుల ఎండుగడ్డితో లోయలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ బయల్దేరి, అదే మలుపులో మళ్ళీ వెళ్ళిపోయింది.

ఆరోజు మైకు తీసేసింది. మిషన్ కొత్తగా బాగుచేసినది. పెట్టిన భాగాలన్నీ కొత్తవి. తన చేతులతో పెట్టింది, ముప్పై మూడు సార్లు చూసింది. ఇక తప్పు ఎక్కడుంది? గోడమీద క్యాలెండర్‌లో సన్న అక్షరాలు ఎంత దూరం నుంచి చదవగలదో చూసుకుంది. సూదిలో దారం ఎక్కించి చూసుకుంది. మూడోసారికి ఎక్కింది. మొదటిసారికే ఎందుకు ఎక్కలేదా అని మనసు చివుక్కుమంది.

రేనో ఎరల డబ్బా వెతుక్కుంటూ కిందికి వచ్చాడు.

"మిషన్ కాదు రేనో. నేనే" అంది.

"నువ్వేంటి?"

"ముసలిదాన్నయ్యాను. చెయ్యి లేటుగా తిరుగుతోంది. వాళ్ళకి ఎప్పుడో తెలుసు. అందుకే నన్ను మంగళవారాలు పిలవట్లేదు."

రేనోకి ఓదార్చడం చేతకాదు. ఆ వంశంలో ఎవరికీ చేతకాదు. ఎరల డబ్బా చేతిలో అటూ ఇటూ తిప్పి, "ఈ జిల్లాలో నీకంటే బాగా తోలేవాణ్ణి నేను చూళ్ళేదు" అన్నాడు. నలభై ఏళ్ళలో అంత పొడవు పొగడ్త అతని నోట రావడం అదే మొదలు. దాంతో ఆర్లిస్‌కి తన పరిస్థితి నిజంగానే విషమించిందని నమ్మకం కుదిరింది.

వాళ్ళు మర్యాదగా తప్పించుకునే దాకా ఎందుకు, తనే తప్పుకుందాం అనుకుంది. ముగ్గురికీ మెసేజ్ పెట్టింది: ఇక నుంచి గురువారాలు కుదరవు, చర్చిలో అంత్యక్రియల భోజనాలకి వంట సాయం చెయ్యాలి, మీరు కానివ్వండి.

లవాన్ నుంచి జవాబు వచ్చింది: "ప్రతి గురువారం ఎవరు చస్తారే మీ ఊళ్ళో?"

పనికొచ్చే కార్డు తన ఇంట్లో పడి ఉండటమెందుకు, ఎవరైనా వాడుకుంటారని సోమవారం ఉదయం ఆర్లిస్ కంప్యూటర్ పెట్టెని దుప్పట్లో చుట్టి వర్జిల్ కొట్టుకి మోసుకెళ్ళింది.

"ఈ కార్డు తీసి ఎవరికైనా ఇచ్చెయ్యరా. కార్డులో ఏ లోపమూ లేదు. నేనే లారీ పనికి రాకుండా పోయాను."

"మీరు పనికిరాకపోవడమేంటండీ!" అంటూ వర్జిల్ పెట్టెని తన వైపు తిప్పుకున్నాడు. వెనకభాగం చూశాడు. వంగి మళ్ళీ చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"ఆర్లిస్ గారూ, ఈ టోపీలు..."

"దుమ్ము దూరకుండారా."

"తీసెయ్యలేదేమండీ? మరి తెర తీగ దేంట్లో పెట్టారు?"

"నాలుగో అంకె తీగ నాలుగో కంతలో పెట్టాను. ఇదిగో ఫొటో" అంది ఆర్లిస్ కాస్త పౌరుషంగా.

వర్జిల్ ఫొటో చూశాడు, నాలుగో అంకె చీటీ చూశాడు, పైకప్పు వంక చూశాడు. నవ్వు ఆపుకోవడానికి గెడ్డం మొత్తం గుప్పెట్లో పట్టుకున్నాడు. "అది పాత కంతండీ. కార్డు పెట్టాక తీగ కార్డుకి తగిలించాలి. మూడు వారాల నుంచీ మీ మిషన్ ఆ పాత చేత్తోనే గీస్తోంది. ఈ కార్డు ఒక్క గీత కూడా గియ్యలేదు."

ఆర్లిస్ మొహం బీట్‌రూట్ ముక్కలా అయింది. "ఇలా ఎవరైనా చేస్తారట్రా?"

"బోలెడుమంది చేస్తారండీ."

"నిజం చెప్పు. ఎంతమంది?"

వర్జిల్ నేలచూపులు చూశాడు. "నాకు తెలిసి మీతో కలిపి ఇద్దరు."

"రెండోవాళ్ళెవరు?"

"నేనేనండీ. నాకైతే రెండు నెలలు పట్టింది."

ఇద్దరికీ ఒకేసారి నవ్వు తన్నుకొచ్చింది. ఎరలు కొనడానికి వచ్చినవాళ్ళు తొట్టె దగ్గర నుంచి తలలు తిప్పి చూశారు. ఆర్లిస్ బల్ల పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. నవ్వుతూనే తన వేళ్ళు ఒకసారి చూసుకుంది. చేతులు బాగానే ఉన్నాయి. కళ్ళు బాగానే ఉన్నాయి. వాటిని నాలుగు రోజులుగా అనరాని మాటలన్నీ అంది పాపం.

ఇంటికి వచ్చి నాలుగో అంకె చీటీ పీకేసింది. టోపీ తీసి తీగ కార్డుకి తగిలించింది. తరవాత మూడు రోజులు ఆటలోకి వెళ్ళి ఒంటరిగా ఆ కొండ ఎక్కింది, దిగింది. లోయలో పడిన మలుపులో ఒంటిచేత్తో తిప్పింది. ఆపి, దిగువన వాగు చూసింది, వాగులో రాళ్ళు చూసింది. అక్కడ ఒక వాగుందన్న సంగతే ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు.

గురువారం రెండింటికి మైకు తగిలించుకుంది.

"ఎవరే అది? ఆర్లిసే!" జెనీవా కేక పెట్టింది.

"ఈ వారం ఎవరూ పోలేదుటే మీ ఊళ్ళో?" అంది లవాన్.

ఆర్లిస్ దాచుకోలేదు. చీటీలు, అంకెలు, టోపీలు, వర్జిల్ గెడ్డం అన్నీ చెప్పేసింది. ముగ్గురూ పడీ పడీ నవ్వారు. కొరిన్ కూడా నవ్వింది, అది వినపడటమే ఒక వింత.

"మూడు వారాలు ఆకులు లెక్కపెట్టావు కదే దొంగముండా!" అంది లవాన్.

"నువ్వు మాత్రం? వేరుగా ఉందే అన్నావు! నోరు తెరిచి చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"నీ సంబరం చూసి నోరు రాలేదే" అంది లవాన్. ఒక్క క్షణం ఆగింది. "ఆర్లిస్, ఇది కూడా చెప్పేస్తున్నా విను. మంగళవారాలు మేం ముగ్గురం వెళ్తున్నాం. దౌడు తియ్యాలని సరదా పుట్టి వెళ్తున్నాం. నీకు చెప్పకపోవడం మాదే తప్పు. గురువారం మటుకు వదులుకునే ఉద్దేశం ఎవరికీ లేదు. వంట సాయం అని నువ్వు రాసినరోజు జెనీవా ఏడ్చింది."

"నేనొక్కదాన్నేనా ఏడ్చింది?" అంది జెనీవా.

మా ఊరి మనిషి నోట అంత సూటి మాట వినడం ఆర్లిస్‌కి అలవాటు లేదు. ఏమనాలో తోచక, "సరేలే, పదండి ముందు" అంది.

ముగ్గురూ అప్పటికే కొండ మొదట్లో రోడ్డు పక్కన వరసగా ఆగి ఉన్నారు. ఆర్లిస్ వెనక నుంచి వచ్చి, కొరిన్ లారీ వెనక తన లారీ ఆపింది. ఇన్నాళ్ళూ తన ముందు నడిచిన ఆ బూడిదరంగు పెట్టె బూడిదరంగు కాదు. ముదురు నీలం. వెనక తలుపుల మీద పసుపు రంగులో ఇంత లావు అక్షరాలున్నాయి. ఆర్లిస్ ముందుకి వంగి చదివింది.

"మా ఆర్లిస్ వెనక వస్తోంది. తన కోసం ఆగుతాం. హారన్ కొట్టకండి."

పక్కకి జరిగి చూసింది. జెనీవా లారీ మీదా అదే. అందరికంటే ముందున్న లవాన్ లారీ మీదా అదే.

"ఎప్పుడు రాశారే ఇది?"

జవాబు చెప్పింది కొరిన్. "రెండేళ్ళైంది. వెనకవాళ్ళు నిన్ను తిడుతున్నారని."

"నువ్వు చదివావనే అనుకున్నామే ఇన్నాళ్ళూ" అంది జెనీవా. "ఒక్కసారైనా ఏమీ అనవేంటా అని నేనే బాధపడ్డాను."

ఆర్లిస్ స్టీరింగు మీద చేతులు పెట్టింది గానీ బండి కదపలేదు. ముందు మూడు లారీలూ ఇంజన్లు ఆన్ చేసుకుని చూస్తున్నాయి.

"ఏమే, కదలవేం? మళ్ళీ మిషన్ నిలబడిపోయిందా?" లవాన్ అడిగింది.

"మిషన్‌కేం, దివ్యంగా ఉంది" అంది ఆర్లిస్, ముక్కు ఎగబీలుస్తూ. "నాకే ఏమీ కనపడట్లేదు. ఒక్క నిమిషం ఆగండే."

వాళ్ళు ఆగారు.